నాలుగువేల బొమ్మల మూట

మన సంఘపు పత్రికలో కంప్యూటరు బొమ్మల సంగతి ఎందుకని చదువరులు కొందరు అనుకోవచ్చును. పెండ్లి కబుర్లు, పెద్దల చరిత్రలు, వంటల ముచ్చట్లు వచ్చే పుటలలో ఈ యంత్రాల గొడవ ఏమిటని అడిగినా తప్పు లేదు. అయితే ఒక మాట మనమందరమూ ఒప్పుకోక తప్పదు. ఈ పత్రికను కూడబలుక్కోకుండా చదవగలిగేవారు మన యిండ్లలో ఒకరో యిద్దరో ఉంటారు. తెలుగు మాట విని అర్థం చేసుకొనేవారు మాత్రం యింటికి నలుగురైనా ఉన్నారు. పిల్లలు బడిలో తమిళమూ ఇంగ్లీషూ చదువుతారు. ఇంటికి వచ్చి అవ్వతో తెలుగే మాట్లాడతారు. తెలుగు వారికి చెవిలో ఉన్నది, కంటిలో లేదు. అటువంటి పిల్లలకు మన కథను అందించాలంటే అచ్చుకాగితం చాలదు. గొంతూ బొమ్మా కలిసి పోవాలి. ఆ పనిని మా యింట ఒకమారు చేసి చూచాము. అందులో తెలిసిన కిటుకులు నలుగురికీ పనికివస్తాయని వ్రాస్తున్నాను.

మా మేనత్తకు మనవాళ్లు ఏరు దాటి దక్షిణానికి వచ్చిన కథ బాగా తెలుసు. మీలో చాలామంది యిండ్లలోనూ ఆ కథ ఏదో ఒక తీరున ఉండే ఉంటుంది. రాజు బంట్లు వెంట తరుముతారు, ముందు తుంగభద్ర నిండుగా పారుతూ ఉంటుంది, ఆడవాళ్లు పిల్లలను చంకనేసుకొని గట్టున నిలబడిపోతారు. అప్పుడు ఈ గట్టున ఒక కానుగ మాను, ఆ గట్టున ఒక కానుగ మాను వంగి, కొమ్మకు కొమ్మ అంది వంతెన అవుతాయి. ఇందులో చరిత్ర ఎంత, కల్పన ఎంత అన్నది వేరే మాట. మా మేనత్త ఆ చోటికి వచ్చేసరికి గొంతు తగ్గించి, "మాను వంగినాది రా, మన తల వంగలే" అనేది. 2019లో ఆమె చెప్పినదాన్ని సెల్‌ఫోనులో పట్టి ఉంచాము. 2021లో ఆమె పోయింది. ఇప్పుడు మా కుటుంబంలో ఆ కథను ఆ మాటలతో చెప్పగలవారు ఎవరూ లేరు.

మా తమ్ముని మనుమరాలు కోయంబత్తూరులో బొమ్మల చదువు చదివింది. ఆ గొంతును తీసుకొని, ఇరవై నిమిషాల కథలో మూడు నిమిషాలు ఏరి, దానికి బొమ్మలు కట్టుతానన్నది. తుంగభద్రను ఆ పిల్ల ఎన్నడూ చూడలేదు. చిన్నమనూరులో మన కండ్లయెదుట ఉన్న యేటినే చూచి గీసింది. 1895లో పెరియారు ఆనకట్ట కట్టి, కొండ తొలిచి ఇటు మళ్లించిన నీరు కలిసి పారే యేరే మా కథలో తుంగభద్ర అయింది. చూచినవారెవరూ అభ్యంతరం చెప్పలేదు.

బొమ్మల సినిమా అంటే లక్షలు పోయవలసిన పని అని మొదట నేను భయపడ్డాను. ఆ భయం అక్కరలేదు. ఆమె వాడినది బ్లెండర్ అనే ఉచితపు సాధనం. దాని కథ మన సంఘంవారికి నచ్చుతుంది. హాలండు దేశంలో టన్ రూసెండాల్ అనే ఆయన దాన్ని తయారుచేసి నడిపిన కంపెనీ మూతబడింది. అప్పుడు 2002లో దాన్ని వాడేవారంతా చందాలు వేసుకొని, లక్ష యూరోలు కూర్చి, అందరి సొత్తుగా విడిపించుకొన్నారు. ఆ సాధనంతోనే లాత్వియా అనే చిన్న దేశంలోని మనుషులు తీసిన 'ఫ్లో' అనే పిల్లి కథకు 2025లో ఆస్కారు బహుమతి వచ్చింది. మన పిల్లలు టీవీలో చూచే ఛోటా భీముడు కూడా దూరదేశపువాడు కాదు. హైదరాబాదులోని గ్రీన్ గోల్డ్ సంస్థవారు తయారుచేయగా 2008లో టీవీకెక్కినవాడు. కాబట్టి ఈ విద్య మనకు అందనిదేమీ కాదు.

ఇక అసలు సంగతికి వస్తాను. కంప్యూటరు ఒక్కొక్క బొమ్మను వెలుగునీడలతో పూర్తిగా లెక్కకట్టి తేల్చడాన్ని రెండరింగు అంటారు. సినిమాలో సెకండుకు 24 బొమ్మలు. మూడు నిమిషాలంటే 180 సెకండ్లు. అనగా 4,320 బొమ్మలు. మా యింటి కంప్యూటరుకు ఒక్కొక్క బొమ్మకు ఒకటి రెండు నిమిషాలు పట్టింది. నాలుగైదు పగళ్లూ రాత్రులూ అది ఊపిరి తిప్పుకోకుండా పనిచేసింది.

అన్నింటినీ ఒకే వీడియోగా తీయమని యంత్రానికి ముందే చెప్పవచ్చు గదా, వేలకొద్దీ విడి బొమ్మలుగా ఎందుకు దాచడమని నేను అడిగాను. పిల్ల నవ్వి, "కరెంటు పోతే ఏం చేస్తావు పెదతాతా?" అన్నది. వీడియోగా తీస్తూ ఉండగా మధ్యలో కరెంటు పోతే చేసినదంతా చెడిపోవచ్చు. విడి బొమ్మలైతే 2,900వ బొమ్మ దగ్గర ఆగినప్పుడు మళ్లీ 2,901 నుండి మొదలుపెట్టవచ్చు. ఒక చోట రంగు కుదరకపోతే ఆ యాభై బొమ్మలు మాత్రమే మార్చవచ్చు. ఆ వారంలో కరెంటు రెండుసార్లు పోయింది, ఒక్క బొమ్మా పోలేదు. ఈ బొమ్మలను పీఎన్‌జీ అనే పద్ధతిలో దాస్తారు. అది ఒక్క చుక్కనైనా పోగొట్టకుండా దాచే పద్ధతి.

నేను ముప్ఫై రెండేండ్లు బడిలో లెక్కలు చెప్పినవాణ్ణి కాబట్టి బరువు ఎంతో లెక్క వేశాను. బొమ్మకు అడ్డం 1,920 చుక్కలు, నిలువు 1,080 చుక్కలు. ఒక్కొక్క చుక్కకు ఎరుపు, పచ్చ, నీలం అని మూడు అంకెలు. గుణిస్తే ఒక బొమ్మకు 62 లక్షల 20 వేల 800 బైట్లు. దాన్ని 4,320 తో గుణిస్తే 2,687 కోట్ల పైచిలుకు. పీఎన్‌జీలో మడిచి పెట్టినా మాకు తొమ్మిది జీబీ తేలింది. ఇంత మూటను రాజపాళయంలోని మేనల్లుడికో, సింగపూరులోని చెల్లెలి మనుమడికో ఫోనులో పంపడం అయ్యే పనేనా? దీన్ని నలభై ఎంబీలకు తేవాలి, చూచేవారికి తేడా తెలియరాదు. మొదటి లెక్కతో చూస్తే ఆరువందల పాళ్లలో ఒక పాలు మాత్రమే మిగలాలి.

ఇది ఎట్లా సాధ్యమని ఆలోచిస్తే రెండు సంగతులు తేలుతాయి. మొదటిది: ఒక బొమ్మకూ తరువాతి బొమ్మకూ తేడా చాలా కొంచెం. గట్టు కదలదు, కొండ కదలదు. కాబట్టి ఒక బొమ్మను నిండుగా వ్రాసి, ఆ తరువాతివాటిలో ఏది ఎంత జరిగిందో, ఏది కొత్తగా వచ్చిందో అంతవరకే వ్రాస్తే చాలును. రెండవది: మన కంటికి వెలుగులో తేడా తెలిసినంతగా రంగులో తేడా తెలియదు, పెద్ద ఆకారాలు పట్టినంతగా సన్నని నలుసులు పట్టవు. కన్ను పట్టనిదాన్ని మోటుగా వ్రాసినా చెల్లుతుంది.

ఈ రెండవ పనికి ఆధారమైన లెక్క ఒకటి ఉన్నది. బొమ్మను చిన్న చిన్న గళ్లుగా కోస్తారు. గడికి అడ్డం ఎనిమిది, నిలువు ఎనిమిది, మొత్తం 64 చుక్కలు అనుకోండి. ఆ 64 అంకెలను ఉన్నవి ఉన్నట్లు వ్రాయకుండా, నిదానంగా మారే అల ఎంత పాలు, త్వరగా మారే అల ఎంత పాలు అని 64 పాళ్లుగా మార్చి వ్రాస్తారు. చేటలో చెరిగినప్పుడు గింజ ఒక ప్రక్కకు, పొట్టు ఒక ప్రక్కకు చేరినట్లు, సరుకంతా మొదటి కొద్ది పాళ్లలోకి చేరుతుంది. తక్కినవి సున్నకు దగ్గరగా ఉండిపోతాయి. వాటిని వదిలినా బొమ్మకు పెద్ద లోటు రాదు.

ఈ లెక్కను లోకానికి ఇచ్చినవారు ముగ్గురు, ముగ్గురూ మన దేశం నుండి అమెరికా వెళ్లినవారే. బెంగుళూరులో పుట్టిన నాసిర్ అహ్మద్ కాన్సాస్‌లో ఆచార్యుడుగా ఉంటూ 1972లో ఈ ఆలోచన మీద పని చేయడానికి అక్కడి జాతీయ విజ్ఞాన సంస్థను ధనసహాయం అడిగారు. ఇది మరీ సులువైన సంగతి అని వారు ఇవ్వలేదు. ఆయన మానుకోలేదు. టి. నటరాజన్ అనే శిష్యుణ్ణి, టెక్సాసులోని కె. ఆర్. రావు అనే మిత్రుణ్ణి కలుపుకొని పని పూర్తి చేశారు. 1974 జనవరిలో ముగ్గురి పేర్లతో ఆ వ్యాసం అచ్చయింది. ఆ రావుగారి పూర్తి పేరు కామిశెట్టి రామమోహనరావు. ఈ పత్రిక చదివేవారికి ఆ పేరును గూర్చి వేరే చెప్పనక్కరలేదు. 1952లో మద్రాసు విశ్వవిద్యాలయం ఇంజనీరింగు పట్టా పొంది, అమెరికా వెళ్లి, 1966 నుండి ఆర్లింగ్టన్‌లో పాఠం చెప్పినవారు. ఈ రోజు ఫోనులో చూచే ఫొటోలూ వీడియోలూ చాలావరకు ఆ లెక్క మీదగాని, దాని పిల్ల లెక్కల మీదగాని నడుస్తున్నాయి. పాట విన్నా, అక్కడా ఆ కుటుంబపు లెక్కే. మా మేనత్త పోయిన 2021లోనే, జనవరి నెలలో, రావుగారూ కాలం చేశారు. ఆమె గొంతు ఈనాడు మా పిల్లల చేతికి అందుతున్నదంటే ఆయన లెక్క కూడా అందులో ఉన్నది.

ఇక చేసే పద్ధతి. ఫాబ్రీస్ బెల్లార్ అనే ఫ్రెంచివాడు 2000లో మొదలుపెట్టిన ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే ఉచిత సాధనం ఉన్నది. బొమ్మల వరుసనూ గొంతునూ దానికి అప్పగిస్తే వీడియోగా కట్టి ఇస్తుంది. ఎట్లా కట్టాలో మనమే చెప్పాలి. మాకు పనికివచ్చిన మాటలు ఇవి.

మొదట, సెకండుకు ఎన్ని బొమ్మలో చెప్పాలి. చెప్పకపోతే అది 25 అనుకుంటుంది. మన 4,320 బొమ్మలు 180 సెకండ్లకు బదులు 172.8 సెకండ్లలో అయిపోతాయి. కథ చెప్పే గొంతు వెనుకబడి, మాను ముందే వంగి కూర్చుంటుంది.

రెండవది, 2003లో స్థిరపడిన హెచ్.264 అనే పద్ధతి ఎన్నుకోవాలి. దానికన్న తరువాత వచ్చినవి ఇంకా చిన్నవిగా మడుస్తాయి గాని, పాత ఫోనులన్నింటిలోనూ ఆడవు. మన పెద్దవాళ్ల చేతులలో ఉన్నవి పాత ఫోనులే గదా.

మూడవది, నాణ్యతకు ఒక అంకె ఉంటుంది. దాన్ని సీఆర్ఎఫ్ అంటారు. సున్న నుండి 51 దాకా పోతుంది. అంకె పెరిగేకొద్దీ బొమ్మ చెడుతుంది, బరువు తగ్గుతుంది. ఏమీ చెప్పకపోతే 23. సుమారుగా ఆరు అంకెలు పెంచితే బరువు సగమవుతుంది. 18 దగ్గర అసలుకూ నకలుకూ తేడా కనిపెట్టడం కష్టం. మేము 20 పెట్టాము. దానితోబాటు నిదానంగా ఆలోచించి చేయమని కూడా చెప్పవచ్చు. గంటన్నర పట్టినా అదే నాణ్యత ఇంకా తక్కువ బరువులో వస్తుంది. ఒక్కసారి చేసే పనికి తొందరెందుకు?

నాలుగవది, రంగులను నాలుగు చుక్కలకు ఒకటిగా వ్రాసే పద్ధతిని కోరి అడగాలి. దాని పేరు వైయూవీ420పీ. అడగకపోతే పీఎన్‌జీ బొమ్మల నుండి నిండు రంగులతో కట్టి ఇస్తుంది. అది కంప్యూటరులో చక్కగా ఆడి, చాలా ఫోనులలో మొరాయిస్తుంది.

అయిదవది, గొంతుకు లోటు చేయరాదు. సెకండుకు 128 కిలోబిట్ల చొప్పున ఇచ్చినా మూడు నిమిషాలకు మూడు ఎంబీ కూడా కాదు. బొమ్మలో పొదుపు చేయండి గాని, అవ్వల గొంతులో పొదుపు చేయకండి.

ఇంతే బరువు ఉండాలని ఎవరైనా కట్టడి చేస్తే లెక్క తిరగవేయాలి. ముప్ఫై ఎంబీ అంటే 240 మెగాబిట్లు. 180 తో భాగిస్తే సెకండుకు 1.33. గొంతు పాలు తీసివేస్తే బొమ్మలకు 1.2 మిగులుతుంది. అంత అని చెప్పి, బొమ్మలను రెండుసార్లు నడిపించమనాలి. మొదటిసారి ఎక్కడ కష్టమో చూచుకొంటుంది, రెండవసారి అక్కడ ఎక్కువ, తక్కినచోట తక్కువ ఖర్చు పెడుతుంది.

మొదటిసారి మాకు వీడియో 96 ఎంబీలు తేలింది. ఎందుకింత అని చూస్తే కారణాలు రెండు. రెండరింగులో చీకటి చోట్ల సన్నని ఇసుకవంటి నలుసు ఉండిపోయింది. ఆ నలుసు బొమ్మ బొమ్మకూ మారుతుంది కాబట్టి, కదలని కొండ కూడా యంత్రానికి కదిలినట్లే తోస్తుంది. నలుసు తీసి మళ్లీ రెండరు చేసింది పిల్ల. రెండవది, చూపు మొత్తం మెల్లగా ప్రక్కకు జరుగుతూ ఉన్నది. అందువల్ల ఏరూ ఆకులూ గట్టూ అన్నీ ఒక్కసారి కదిలేవి.

ఇక్కడ మా యింట పెద్ద వాదమే జరిగింది. మా తమ్ముడు, "అంకె పెంచి పదిహేను ఎంబీ చేసెయ్యండి, ఫోనులో ఎవరు అంత తేరిపార చూస్తారు" అన్నాడు. అట్లాగే చేసి చూచారు. గట్టు బాగున్నది, మనుషులు బాగున్నారు. కానుగ ఆకులు మాత్రం పచ్చని ముద్ద అయిపోయినవి. మాను వంగుతున్నదో, పాకుడు జారుతున్నదో తెలియలేదు. పిల్ల మారు మాట్లాడకుండా కాసేపు చూచి, "చిన్నదాన్ని చేయడానికి ఆకులు తీసేస్తే అత్తవ్వ చెప్పిన కథే పోతాది తాతా" అన్నది. తమ్ముడు ఇక వాదించలేదు.

ఆ పిల్ల మానును ముట్టుకోలేదు. మాను వంగే చోట చూపును నిలిపివేసింది. వెనుక ఆకాశాన్ని ఒకే రంగు చేసింది. గాలికి ఊగే గడ్డిని తగ్గించింది. అప్పుడు కదిలేవి నీరూ, ఆకులూ మాత్రమే. యంత్రం తన ఖర్చంతా వాటిమీదనే పెట్టింది. అదే 20 అంకెతో 41 ఎంబీలకు దిగింది, ఆకుకు ఆకు కనిపించింది. వీడియో చిన్నది కావాలంటే బొమ్మ గీసేటప్పుడే ఏది కదలాలో, ఏది కదలనక్కరలేదో తేల్చుకోవాలని నాకు అప్పుడు అర్థమైంది. చివర పిండితే వచ్చే లాభం కొంచెమే.

పంపేటప్పుడు ఇంకొక జాగ్రత్త. వాట్సాపులో వీడియోగా పంపితే అది తన వసతికోసం మళ్లీ పిండుతుంది. దస్తావేజుగా, అనగా డాక్యుమెంటుగా పంపితే ఉన్నది ఉన్నట్లు చేరుతుంది. నకలుకు నకలు తీసేకొద్దీ చెడిపోతుంది. ఒక ఊరిలో మా బంధువులు ఒక దుకాణానికి ఇచ్చి మళ్లీ చిన్నది చేయించి, దాన్ని నలుగురికి పంపగా, వారు పదిమందికి పంపారు. తిరిగి తిరిగి అది మా యింటికే వచ్చింది. ముఖాలన్నీ గళ్లు గళ్లుగా ఉన్నవి, గొంతు నూతిలోనుండి వచ్చినట్లున్నది. మా అసలు నకలు మళ్లీ పంపుకోవలసి వచ్చింది.

ఇంత శ్రమ పడినందుకు ఫలం ఏమిటంటే, సింగపూరులో ఎనిమిదేండ్ల పిల్లవాడు వాళ్ల అమ్మను "వంగినాది అంటే ఏమి?" అని అడిగాడట. అది ఒకటి. కోవిలుపట్టి నుండి మా వియ్యపురాలు ఫోను చేసి, "మీ కథ తప్పు వదినా, మా అవ్వ చెప్పిందాంట్లో మాను ఒకటే, రెండు కాదు" అని మా ఆడవాళ్లతో తగవు పెట్టుకొన్నది. ఇది రెండవది. ఆ తగవు నాకు ఎంతో సంతోషం కలిగించింది. ఆమె కథను ఆమె గొంతుతోనే చెప్పించి పట్టి ఉంచాము. మా పిల్ల ఇప్పుడు ఒంటి మాను గీస్తున్నది.

ఈ పని తలపెట్టేవారికి చివరిగా ఒక్క మనవి. పంపడానికి చేసిన చిన్న వీడియోను చూచి, పని అయిపోయింది గదా అని ఆ తొమ్మిది జీబీల బొమ్మలనూ, కత్తిరించని ఇరవై నిమిషాల గొంతునూ చెరిపివేయకండి. విత్తనపు వడ్లు వండుకొని తినే రైతు మన కంబం లోయలో ఎక్కడైనా ఉన్నాడా? 2018లో ఏవీ1 అనే కొత్త పద్ధతి వచ్చింది. రేపు ఇంకొకటి వస్తుంది. అప్పుడు ఇంకా చిన్నగా, ఇంకా స్పష్టంగా చేయాలంటే అసలు బొమ్మలనుండే చేయాలి. చిన్న వీడియోనుండి పోయిన ఆకులు మళ్లీ మొలవవు. మేము రెండు హార్డుడిస్కులలో దాచి, ఒకటి చిన్నమనూరులోనూ, ఒకటి కోయంబత్తూరులోనూ ఉంచాము. ఏడాదికొకసారి, తై నెలలో, రెండూ తెరిచి సరిచూస్తాము.

బొమ్మలు గీసే పిల్లలు మీ యింట లేకపోయినా ఫరవాలేదు, తరువాత ఎవరైనా గీస్తారు. గొంతును మాత్రం ఈ నెలలోనే పట్టి ఉంచండి.